నాన్న మాట, కాలి బంతి: డాక్టర్ టి. ఆవ్ తొలినాళ్లు

స్వతంత్ర భారతదేశపు మొదటి ఒలింపిక్ ఫుట్‌బాల్ జట్టుకు కెప్టెన్ ఎవరని మన బ్యాచ్‌లో అడిగితే, క్విజ్‌లలో బహుమతులు కొట్టినవాళ్లు కూడా తడుముకుంటారు. ఆయన పేరు తాలిమెరెన్ ఆవ్. నాగా కొండల కుర్రాడు, డిఫెండర్, వైద్య విద్యార్థి. ఈ మూడూ ఒక్క మనిషిలో ఎలా కుదిరాయన్నదే నాకు ఆసక్తి.

1918లో చాంకీ అనే గ్రామంలో పుట్టారు. తండ్రి చర్చి పాస్టరు. ఇల్లంతా పిల్లలే, సంపాదన స్వల్పం. అసలు బంతి కొనే స్తోమత లేక గుడ్డపేలికల ఉండతో ఆడుకున్నారని చెబుతారు. (మనమూ ఆ బాపతే కదా!) 1935లో తండ్రి టైఫాయిడ్‌తో పోయారు. పోయే ముందు కొడుకును కోరింది ఒక్కటే: డాక్టరువై మనవాళ్లకు సేవ చెయ్యి.

ఆ రోజుల్లో నాగా కొండల్లో పుట్టిన కుర్రాడికి అది చిన్న కోరిక కాదు. చదువు కోసం గౌహతి కాటన్ కాలేజీకి దిగి రావాలి, అక్కడి నుంచి కలకత్తా వెళ్లాలి. గౌహతిలో ఉండగా మహారాణా క్లబ్బుకు ఆడి పేరు తెచ్చుకున్నారు. 1942లో కలకత్తా కార్మైకేల్ మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. యుద్ధం, వెనకే బెంగాల్ కరువు. అలాంటి కలకత్తాలో మోహన్ బగాన్ చొక్కా తొడుక్కున్నారు. పొద్దున అనాటమీ, సాయంత్రం మైదానం. ఆటగాడు క్లబ్బుకు ఆడి బతికే రోజులు కావవి, ఆడినా చదువు చదువే. చివరకు మోహన్ బగాన్‌కే కెప్టెన్ అయ్యారు.

1948 లండన్ ఒలింపిక్స్‌కు దేశం ఆయన్నే కెప్టెన్‌గా పంపింది. ప్రారంభోత్సవంలో జెండా కూడా ఆయన చేతిలోనే. కోచ్ బలాయ్‌దాస్ ఛటర్జీ. జులై 31న ఇల్‌ఫోర్డ్‌లో ఫ్రాన్స్‌తో ఆట. మనవాళ్లలో ఎక్కువమంది బూట్లు లేకుండానే దిగారు. బూట్లు కొనలేక అనుకుంటాం గానీ, కారణం వేరు. మన గట్టి నేలల మీద వట్టికాలికి బంతి మీద వచ్చే పట్టు బూటుకు రాదని వాళ్ల నమ్మకం. ఇంజనీరుగా నాకది సబబే అనిపిస్తుంది, నేల పొడిగా ఉన్నంతవరకు! తడి గడ్డి మీద లెక్క మారిపోతుంది.

30వ నిమిషంలో ఫ్రాన్స్ గోల్. 70వ నిమిషంలో సారంగపాణి రామన్ సమం చేశాడు. చివరి నిమిషాల్లో మళ్లీ ఫ్రాన్స్. 2-1. మనకు దొరికిన రెండు పెనాల్టీలూ చేజారాయి. అందులో ఒకటి కొట్టింది సైలెన్ మన్నా, దేశం మెచ్చిన ఆటగాడు. ఆ ఓటమి మీద నాకు ఇప్పటికీ కసే. అయినా ఇంగ్లండు జనం మాత్రం వట్టికాళ్ల జట్టును మెచ్చుకున్నారు. ఆర్సెనల్ క్లబ్బు ఆవ్‌ను తమతో ఉండిపొమ్మందనీ, చదువు పూర్తి కాలేదని ఆయన వద్దన్నారనీ ప్రతీతి. తిరిగి రావడమైతే నిజం.

1950లో ఎం.బి.బి.ఎస్. పూర్తయింది. 1953లో కోహిమాలో ప్రభుత్వ వైద్యుడిగా చేరారు. తరువాత నాగాలాండ్ ఆరోగ్య శాఖ డైరెక్టరుగా పనిచేసి 1978లో రిటైరయ్యారు.