ధాతకరవులో క్లౌ దొర కాలువపని

ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, వానలు తప్పి మొదలైన కరవు రెండేండ్లు దక్షిణదేశమును పీడించెను. ఒంగోలు సీమలో ముందుగా ఆకలికి చిక్కినవారు మాదిగవాడల పేదలు. పంట లేనిదే రైతు కూలికి పిలువడు, మేర కొలువడు గదా!

ప్రభుత్వము కరవుపనిగా బకింగుహాము కాలువను త్రవ్వింపసాగెను. కృష్ణనుండి మద్రాసుదాక పడవదారి ఏర్పరచు కాలువ అది. పని దొరికినను ఈ పేదలకు అచ్చటి మేస్త్రీల దౌర్జన్యము తప్పలేదు.

అమెరికను బాప్టిస్టు మిషనరీయైన జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుండి ఒంగోలున ఉండెను. యౌవనమున స్వదేశమున భూములు కొలుచు పనిలో ఉండినవాడు. ఆ విద్య ఇచ్చట అక్కరకు వచ్చెను. సుమారు మూడున్నర మైళ్ల తవ్వకమును ఆయన కంట్రాక్టుకు తీసికొని, తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా నిలిపెను. విరామవేళ ఆ బోధకులు కూలీల నడుమ కూర్చుండి కష్టసుఖములు విచారించిరి. క్రీస్తు చరిత్ర చెప్పిరి.

దయగల దొర ఎవ్వరైనను ఇంతవరకు చేయవచ్చును. అసలు పరీక్ష వేరు. పెక్కుమంది బాప్తిస్మము కోరి వచ్చిరి. ఒక చేత కూలిడబ్బులు, వేరొక చేత బాప్తిస్మము పట్టుకొని నిలిచినవానికి ఎదుటివాని మనసు తెలియుటెట్లు? కరవు సహాయము నడచినంతకాలము, ఏడాదికి పైగా, క్లౌ ఎవ్వరికిని బాప్తిస్మ మియ్యలేదు. సంఘమున చేరినవారి లెక్కనుబట్టియే మిషనరీల శ్రమకు విలువ కట్టిన ఆ కాలమున అది సులభమైన నిర్ణయము కాదు.

1878లో సహాయపు పనులు ముగిసెను. ఇక ఇచ్చుటకు సొమ్ము లేదని చెప్పినను జనము వెనుదిరుగలేదు. కూటికొరకు మతము మారిరను మాట తరువాతను వినవచ్చెను. ఆకలివేళ అన్నము చూపిన చేతిని మనుష్యుడు మరువడు. అంతవరకు ఆ మాటలో నిజము లేకపోలేదు. కాని కూలి ఆగిన పిదప వచ్చినవారిని కూటికై వచ్చినవారనుట న్యాయమా? ఊరు దూరముంచిన తమతో సరసన కూర్చుండి మాటాడినవారి వెంట వారు నడచిరి.

1878 జూలై 3వ తేదీన, ఒంగోలుకు ఉత్తరముననున్న వెల్లంపల్లి దగ్గర, గుండ్లకమ్మ నీటిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆనాడు నీటిలోనికి దిగి బాప్తిస్మమిచ్చినది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు, పొద్దు వాలువరకు ఆ పని నడిపిరి.