బస్తర్ జాగిలాలు: దగ్గరి రక్తంలో సంకరం ఎంతవరకు మేలు, ఎక్కడ ముప్పు?

2025 ఏప్రిల్ 27న తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల్లో తేనెటీగల దాడికి గురై సీఆర్‌పీఎఫ్ జాగిలం రోలో చనిపోయింది. అది రెండేళ్ల ఆడ బెల్జియన్ షెపర్డ్. ఒంటిపై దాదాపు 200 కుట్లు ఉన్నాయని అధికారులు చెప్పారు. బలగాలకు ముందు నడుస్తూ మట్టి కింద దాచిన పేలుడు పదార్థాలను పసిగట్టడం దాని పని. మరణానంతరం దాని సేవలకు గుర్తింపుగా డీజీ ప్రశంసా పతకం ప్రకటించారు.

రోలో మరణానికీ దాని పుట్టుకకూ సంబంధం లేదు. కానీ అలాంటి జాగిలం స్థానంలో మరొకదాన్ని నిలబెట్టాలంటే, ఏ తల్లికి, ఏ తండ్రికి పుట్టిన పిల్లను ఎంచుకోవాలన్న ప్రశ్న తప్పదు. బీజాపుర్, సుక్మా అడవి దారుల్లో జాగిలం దాటిన చోటే జవాను అడుగు వేస్తాడు. పోరు తగ్గినా, ఏళ్ల కిందట పాతిన మందుపాతరలు వాటంతట అవి మాయం కావు. అందుకే బస్తర్‌లో జాగిలాల అవసరం ఇప్పట్లో తీరేది కాదు.

సీఆర్‌పీఎఫ్‌కు బెంగళూరు శివార్లలోని తరలులో 2011 నుంచి సొంత జాగిలాల సంతానోత్పత్తి, శిక్షణ కేంద్రం ఉంది. జర్మన్ షెపర్డ్ కంటే తేలికైన ఒళ్లు, ఎక్కువ దూరం నడిచే ఓపిక ఉన్న బెల్జియన్ మాలినోయిస్ అక్కడి ప్రధాన జాతి. పరిమిత సంఖ్యలో ఉన్న జంతువుల నుంచి ఏటా కొత్త తరాన్ని తయారుచేసే ఏ కేంద్రానికైనా ఒక చిక్కు ఎదురవుతుంది. దాని పేరు ఇన్‌బ్రీడింగ్, అంటే అంతఃప్రజననం.

మేనరికం లెక్కే

దగ్గరి రక్తసంబంధం ఉన్న ఆడ, మగ జంతువులను జత కట్టించడమే అంతఃప్రజననం. దీన్ని అంకెల్లో కొలిచే పద్ధతిని అమెరికన్ జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1922లో ప్రతిపాదించారు. ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎంత అన్నదే ఆ కొలత.

తెలుగువారికి ఇది కొత్త విషయం కాదు. మేనమామ, మేనకోడలి పెళ్లిలో పుట్టిన బిడ్డకు ఈ గుణకం 12.5 శాతం. మేనబావ, మేనమరదలి బిడ్డకు 6.25 శాతం. కుక్కల్లో తండ్రికీ కూతురికీ, లేదా సొంత అన్నాచెల్లెళ్లకూ జత కట్టిస్తే పిల్లల్లో అది 25 శాతం. మేనరికాల గురించి వైద్యులు చేసే హెచ్చరిక వెనుక ఉన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది.

పెంపకందారులు ఎందుకు మొగ్గుతారు?

మొదటి కారణం, నచ్చిన లక్షణాన్ని స్థిరపరచుకోవడం. 1899లో మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ జర్మన్ షెపర్డ్ జాతికి పునాది వేసినప్పుడు నమోదైన తొలి కుక్క హోరాండ్ ఫాన్ గ్రాఫ్రాట్. దాని సంతతిని మళ్లీ మళ్లీ తమలో తామే జత కట్టించడం వల్లనే కొద్ది తరాల్లో ఒకే రూపు, ఒకే తీరు ఉన్న జాతి ఏర్పడింది. నేడు ఉన్న పనికుక్కల జాతుల్లో చాలావాటి పుట్టుక ఇలాంటిదే.

రెండో కారణం, పిల్లల మధ్య తేడాలు తగ్గడం. పరిమాణం, చురుకుదనం, స్వభావం దాదాపు ఒకేలా ఉంటే శిక్షణను ఒక పద్ధతిలో పెట్టవచ్చు. మూడోది, దాగి ఉన్న లోపాలు బయటపడటం. లోపం కనిపించిన పిల్లలనూ, వాటి తల్లిదండ్రులనూ సంతానోత్పత్తి నుంచి తప్పిస్తే ఆ వంశం కొంత శుభ్రపడుతుంది.

ఈ మూడూ నిజమైన ప్రయోజనాలే. అయితే ఒక పరిమితి ఉంది. బొచ్చు రంగు లాంటి లక్షణాన్ని కొద్ది జన్యువులు నిర్ణయిస్తాయి కాబట్టి దాన్ని స్థిరపరచడం తేలిక. వాసన వెతకాలన్న తపన, పేలుడు శబ్దానికి బెదరని ధైర్యం, 40 డిగ్రీల ఎండలో పనిచేసే ఓర్పు అలాంటివి కావు. ఒక్కోదాని వెనుక ఎన్నో జన్యువులు ఉంటాయి. పిల్లగా ఉన్నప్పటి పెంపకం, హ్యాండ్లర్ ఇచ్చే శిక్షణ వాటికి తోడవుతాయి. గొప్ప జాగిలాన్ని దాని కూతురితో జత కట్టించినంత మాత్రాన ఆ గొప్పతనం రెట్టింపు కాదు.

మూల్యం ఎక్కడ?

ప్రతి కుక్కలోనూ పైకి కనిపించని కొన్ని అంతర్గత జన్యులోపాలు ఉంటాయి. ఒక్క ప్రతి ఉంటే హాని ఉండదు. తల్లి నుంచీ, తండ్రి నుంచీ అదే లోపం వస్తేనే జబ్బు బయటపడుతుంది. రక్తసంబంధం దగ్గరయ్యే కొద్దీ ఆ అవకాశం పెరుగుతుంది.

మాలినోయిస్ జాతిలోనే దీనికి ఉదాహరణ ఉంది. మెదడు కణజాలం స్పంజిలా దెబ్బతిని, పిల్లలు కొద్ది వారాల వయసులోనే నడకలో తూలిపోయే వంశపారంపర్య వ్యాధి ఈ జాతిలో కనిపిస్తుంది. దీని వెనుక ఉన్న రెండు వేర్వేరు జన్యులోపాలను 2017లో గుర్తించారు. ఒకే లోపాన్ని మోస్తున్న ఆడ, మగ జత కడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకదానికి జబ్బు వస్తుంది. తల్లిదండ్రులు మాత్రం చూడటానికి పూర్తి ఆరోగ్యంగా ఉంటాయి. జన్యుపరీక్ష చేయిస్తే జత కట్టించే ముందే విషయం తెలిసిపోతుంది.

రెండో మూల్యం అంత ప్రస్ఫుటంగా కనిపించదు. దాన్ని అంతఃప్రజనన క్షీణత అంటారు. ఈతకు పుట్టే పిల్లలు తగ్గుతాయి, బతికేవీ తగ్గుతాయి. అమెరికాలో గోల్డెన్ రిట్రీవర్లపై 2019లో వెలువడిన అధ్యయనం ప్రకారం, తల్లి అంతఃప్రజనన స్థాయి 10 శాతం పాయింట్లు పెరిగితే సగటున ఈతకు ఒక పిల్ల తగ్గుతుంది. ఏడాదికి 20 ఈతలు వచ్చే కేంద్రానికి దీన్ని అన్వయిస్తే 20 పిల్లలు తగ్గినట్టే. పుట్టిన ప్రతి పిల్లా శిక్షణలో నెగ్గదు కాబట్టి ఎంచుకునే వీలు అంత మేర కుంచించుకుపోతుంది.

మూడోది ఆరోగ్యం. 227 జాతుల కుక్కల డీఎన్‌ఏను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో సగటు అంతఃప్రజనన స్థాయి 25 శాతానికి దగ్గరగా తేలింది. అంటే స్వచ్ఛమైన జాతిగా చెప్పుకునే సగటు కుక్క, జన్యుపరంగా సొంత అన్నాచెల్లెళ్లకు పుట్టిన పిల్లతో సమానం. ఈ స్థాయి ఎక్కువగా ఉన్న జాతులకు వైద్యం అవసరం కూడా ఎక్కువేనని అదే అధ్యయనం చెప్పింది. నాలుగైదు తరాల వంశావళి కాగితం చూసి సంబంధం లేదనుకోవడం ఎంత పొరపాటో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఎవరూ నిర్ణయించకుండానే జరిగేది

ఉద్దేశపూర్వకంగా చేసే అంతఃప్రజననం కంటే తెలియకుండా జరిగేదే ప్రమాదకరం. ఒక కేంద్రంలో 40 ఆడ కుక్కలు, రెండే మగవి ఉన్నాయనుకుందాం. చూడటానికి 42 జంతువులు. జన్యుశాస్త్ర సూత్రం ప్రకారం దాని ప్రభావం ఎనిమిది కంటే తక్కువ జంతువులున్న మందతో సమానం. ఒక్కో తరానికి అంతఃప్రజననం దాదాపు 6.6 శాతం పెరుగుతుంది. అదే 40 ఆడవాటికి 10 మగవి ఉంటే ఆ పెరుగుదల 1.6 శాతానికి దిగుతుంది. పశుజాతుల పరిరక్షణలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సూచించే హద్దు తరానికి 1 శాతం.

పేరు మోసిన ఒక్క మగ జాగిలాన్నే అందరూ వాడుకున్నప్పుడు జరిగేది ఇదే. దాని మనవళ్లు, మనవరాళ్ల కాలానికి వచ్చేసరికి బంధుత్వం లేని జత దొరకడమే కష్టమవుతుంది.

వేరే దారి ఉందా?

ఉందని రెండు అనుభవాలు చెబుతున్నాయి. అంధులకు దారిచూపే కుక్కలను తయారుచేసే అమెరికన్ సంస్థ సీయింగ్ ఐ, ప్రతి కుక్క తుంటి కీళ్లను కొలిచి, దాని బంధువుల వివరాలతో కలిపి లెక్కగట్టి, మంచివాటినే సంతానానికి ఎంచుకుంది. ఐదు తరాలు పూర్తికాకముందే తుంటి కీళ్ల లోపం జర్మన్ షెపర్డ్‌లలో 55 నుంచి 24 శాతానికి, లాబ్రడార్లలో 30 నుంచి 10 శాతానికి తగ్గింది. ఆ మార్పు తెచ్చింది కచ్చితమైన రికార్డులూ, నిక్కచ్చి ఎంపికా.

రెండోది నెదర్లాండ్స్‌ది. అక్కడ 1907 నుంచి ఉన్న పోలీసు కుక్కల సంఘం కేఎన్‌పీవీ పరీక్షకు వచ్చే కుక్కకు జాతి ధ్రువపత్రం అక్కర్లేదు. పని చేసి చూపిస్తే చాలు. అందుకే అక్కడి పెంపకందారులు మాలినోయిస్‌ను డచ్ షెపర్డ్ వంటి ఇతర కుక్కలతో స్వేచ్ఛగా సంకరం చేశారు. ప్రపంచంలో పేరున్న పోలీసు జాగిలాల్లో చాలా వాటి మూలాలు ఆ వంశాల్లోనే ఉన్నాయి.

మన దేశంలో ఇప్పుడు స్వదేశీ జాతుల వైపు చూపు మళ్లింది. బీఎస్ఎఫ్‌కు చెందిన ముధోల్ జాగిలం రియా 2024 అఖిల భారత పోలీసు డ్యూటీ మీట్‌లో విదేశీ జాతులను వెనక్కినెట్టి గెలిచింది. ఛత్తీస్‌గఢ్‌లో సీఆర్‌పీఎఫ్ దేశీ జాగిలం ఒకటి 8 కిలోల పేలుడు పదార్థాన్ని పట్టించిందని ప్రధాని 2025 అక్టోబరు మన్‌కీ బాత్‌లో చెప్పారు. ఎండకు అలవాటుపడిన జాతులు కావడం వీటి బలం. కానీ స్వదేశీ అన్న పేరు జన్యులోపాల నుంచి కాపాడదు. తమిళనాడు రాజపాళయం కుక్కల్లో తెల్లటి ఒంటిరంగుతో పాటు వచ్చే పుట్టు చెవుడు ఇందుకు తెలిసిన ఉదాహరణే. కొద్ది ఊళ్ల నుంచి, కొద్ది కుక్కలతో మొదలుపెడితే మాలినోయిస్ చిక్కే ముధోల్‌కూ వస్తుంది.

కాబట్టి అంతఃప్రజననం మంచిదా, చెడ్డదా అన్న వాదన కంటే దాని కొలత ముఖ్యం. జత కట్టించే ముందు గుణకం లెక్కించడం, తెలిసిన జన్యులోపాలకు పరీక్ష చేయించడం, ఒక్కో మగ జాగిలానికి ఇంత సంతానమేనని హద్దు పెట్టడం, ఇతర బలగాలతో, విదేశీ కేంద్రాలతో బంధుత్వం లేని జంతువులను మార్చుకోవడం... వీటికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఇంకొకటి కూడా కావాలి: శిక్షణలో తప్పిన పిల్లలు, పుట్టగానే చనిపోయిన పిల్లలు, అడవిలో త్వరగా అలసిన జాగిలాలు ఏ తల్లిదండ్రులకు పుట్టాయో తిరిగి కేంద్రానికి చేరే రికార్డు. బీజాపుర్‌లో జాగిలం ఎక్కడ తడబడిందో తరలులో తెలియకపోతే, అదే వంశం నుంచి మరో జాగిలం అదే దారికి వస్తుంది. దాని వెనుక మరో జవాను నడుస్తాడు.