నంద్యాలలో షాపు, ఆళ్లగడ్డలో బ్రాంచి: రెండింటికీ ఒకే నెట్‌వర్క్ ఎలా?

నంద్యాలలో బట్టల షాపు, ఆళ్లగడ్డలో దాని బ్రాంచి. అన్న ఇక్కడ, తమ్ముడు అక్కడ. మధ్యలో హైవే మీద దాదాపు 40 కిలోమీటర్లు. సరుకు, బిల్లులు, అప్పు ఖాతాలు రెండు చోట్లా ఒకే లెక్కలో కనిపించాలి. రంజాన్ రాత్రుల్లో రెండు కౌంటర్లూ కిటకిటలాడుతుంటే ‘ఆ సైజు అక్కడుందా భాయ్’ అని ఫోన్లో అడుగుతూ కూర్చుంటే గిరాకీ నిలవదు. కువైట్‌లోనో సౌదీలోనో ఉన్న ఇంటి పెద్దకు మొబైల్లో షాపు కెమెరాలు కనిపించాలి. ఇలా అవసరం వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటిగా తగిలించిన వైర్లే చివరికి ఆ వ్యాపారానికి నెట్‌వర్క్ అవుతాయి. దాన్ని ఎవరూ కూర్చుని ప్లాన్ చేసి ఉండరు, చిక్కంతా అక్కడే.

ముందు షాపు లోపల

ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబర్ 27న మొదలైనప్పటి నుంచి కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ కేబుల్ చిన్న ఊళ్లకూ వచ్చింది, ప్రైవేటు కంపెనీల లైన్లూ ఉన్నాయి. లైన్ పోతే బిల్లింగ్ ఆగకూడదని కొందరు రెండు కనెక్షన్లు పెట్టిస్తారు. మంచిదే. కానీ రెండూ ఒకే స్తంభం మీద వస్తే గాలివానకు రెండూ పోతాయి. రెండోది మొబైల్ సిమ్‌తో నడిచే రూటర్ అయితే మేలు. రూటర్‌కు చిన్న యూపీఎస్ తప్పనిసరి.

బిల్లింగ్ కంప్యూటర్లను వైఫై మీద వదలకూడదు. బేతంచెర్ల రాతితో కట్టిన మందపాటి గోడలు ఉన్న పాత షాపుల్లో పక్క గదికే సిగ్నల్ సరిగా అందదు. స్విచ్ నుంచి క్యాట్ 6 కేబుల్ లాగాలి. ఒక కేబుల్ 100 మీటర్లు మించకుండా చూసుకోవాలి. రూటర్‌ను ఇనుప బీరువాలో దాచేవాళ్లున్నారు. వేడికి అది త్వరగా పాడవుతుంది, సిగ్నల్ కూడా బయటికి రాదు. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే పనిశాలల దగ్గర రాతి దుమ్ము కంప్యూటర్ ఫ్యాన్లలో పేరుకుంటుంది, అక్కడ మూసి ఉండే చిన్న ర్యాక్ పెట్టించడం నయం.

అన్నీ ఒకే గదిలో కలిపితే

కస్టమర్లకు ఇచ్చే వైఫై, సీసీ కెమెరాలు, బిల్లింగ్ కంప్యూటర్లు మూడూ ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే ఒకదాంట్లో దూరినవాడు మిగతా రెండింటికీ వెళ్లగలడు. కెమెరాల మీద చాలామందికి అనుమానమే రాదు. 2016లో మిరాయ్ అనే వైరస్ ప్రపంచవ్యాప్తంగా లక్షల కెమెరాలను, రూటర్లను పట్టుకుంది. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లను ఎవరూ మార్చకపోవడమే దానికి దారి.

దగ్గర్లోని ఉదాహరణ హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు. 2022 జనవరిలో అక్కడి నుంచి హ్యాకర్లు 12 కోట్ల రూపాయలకు పైగా కొట్టేశారు. ఉద్యోగులకు వచ్చిన మోసపు మెయిళ్లను నొక్కడంతో వాళ్లు లోపలికి వచ్చారని, ఫైర్‌వాల్ లైసెన్సు కూడా సరిగా లేదని, నెట్‌వర్క్‌ను విడివిడి భాగాలుగా ఉంచలేదని పోలీసులు చెప్పారు. 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. బ్యాంకుకే ఇలా అయితే బట్టల షాపు సంగతి చెప్పక్కర్లేదు.

విడదీయడానికి పెద్ద ఖర్చు లేదు. చాలా రూటర్లలో గెస్ట్ వైఫై ఉంటుంది, కస్టమర్లకు అదే ఇవ్వాలి. కెమెరాలకు, బిల్లింగ్‌కు వేరు దారులు కావాలంటే వీల్యాన్ సౌకర్యం ఉన్న స్విచ్, రూటర్ అడిగి కొనాలి.

రెండు ఊళ్లను కలపడం

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆళ్లగడ్డ నుంచి నంద్యాల కంప్యూటర్ తెరవాలంటే టెక్నీషియన్ రూటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ కోసం 3389 నంబరు పోర్టు తెరిచి వెళ్లిపోతాడు. పది నిమిషాల పని. ఆ పోర్టు తమ్ముడికే కాదు, ప్రపంచమంతటికీ తెరిచి ఉంటుంది. ఏ పోర్టు తెరిచి ఉందా అని ఇంటర్నెట్‌ను రాత్రింబవళ్లు వెతికే ప్రోగ్రాములు ఉన్నాయి. పాస్‌వర్డ్ బలహీనంగా ఉంటే అవి లోపలికి దూరతాయి. ఫైళ్లన్నీ తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడులు చాలా వరకు ఈ దారినే వచ్చాయి.

సరైన పద్ధతి వీపీఎన్. రెండు షాపుల రూటర్ల మధ్య తాళం వేసిన సొరంగం లాంటిది. వైర్‌గార్డ్ ఉచితం, చాలా రూటర్లలో ఉంటుంది. ఒక చోటైనా పబ్లిక్ ఐపీ ఉండాలి. మామూలు ఫైబర్ ప్లాన్లలో అది రాకపోవచ్చు, కనెక్షన్ తీసుకునేటప్పుడే స్టాటిక్ ఐపీ అడగాలి.

ట్యాలీ డేటా ఫోల్డర్‌ను వీపీఎన్ మీదుగా నేరుగా తెరవకూడదు. నెమ్మదిస్తుంది, లైన్ మధ్యలో తెగితే డేటా చెడే ప్రమాదం ఉంది. నంద్యాలలో ఒక కంప్యూటర్‌ను ఆళ్లగడ్డ కోసమే పెట్టి, వీపీఎన్ లోపల రిమోట్ డెస్క్‌టాప్‌తో దాన్ని వాడాలి. విండోస్ ప్రోలో బయటి నుంచి ఒకరు వస్తే అక్కడ కూర్చున్నవారి స్క్రీన్ లాక్ అవుతుంది కాబట్టి కౌంటర్ కంప్యూటర్‌తో ఈ పని కుదరదు. విండోస్ హోమ్‌లో అసలు ఆ సౌకర్యమే ఉండదు.

అప్‌డేట్లు, కాపీలు, తాళాలు

2017 మేలో వన్నాక్రై దాడిలో ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. దానికి విరుగుడు అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే ఇచ్చింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా దాని మీదే బిల్లులు కొడుతున్న కౌంటర్లు మార్పు గురించి ఆలోచించాలి.

జీఎస్టీ చట్టం ప్రకారం ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు లెక్కలు భద్రంగా ఉంచాలి. కంప్యూటర్‌కు ఎప్పుడూ తగిలించి ఉండే హార్డ్ డిస్క్ బ్యాకప్ కాదు, రాన్సమ్‌వేర్ వస్తే దానికీ తాళం పడుతుంది. రెండు డిస్కులు మార్చి మార్చి వాడి, కాపీ అయ్యాక ఊడదీయాలి. రెండు షాపులు ఉండడం ఇక్కడ కలిసొస్తుంది: నంద్యాల కాపీ ఆళ్లగడ్డలో, ఆళ్లగడ్డ కాపీ నంద్యాలలో. నెలకోసారి ఆ కాపీ నుంచి ఒక పాత బిల్లు తెరిచి చూడాలి. తెరుచుకోని కాపీ ఉన్నా లేనట్టే.

రూటర్, కెమెరా పాస్‌వర్డ్‌లు పెట్టిన కుర్రాడు ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోతే షాపు తాళాలు అతని దగ్గరే ఉన్నట్టు. అవి యజమాని దగ్గర ఒక నోట్‌బుక్‌లో రాసి బీరువాలో ఉండాలి. రూటర్ దాచిన బీరువా ఇందుకు పనికొస్తుంది. పని మానేసిన వారి లాగిన్ అదే రోజు తీసేయాలి.

దాడి జరిగిందని తెలియగానే ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ ఊడదీయాలి, ఫార్మాట్ చేయకూడదు. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. 2022 ఏప్రిల్ 28 నాటి సర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం ఇలాంటి దాడుల గురించి సంస్థలు 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి.