అలంపూర్: తుంగభద్ర తీరాన జాతీయ పర్వదినాలు, పండుగలు
(ప్రత్యేక వ్యాసం)

దేశమంతటా విధిగా పాటించే జాతీయ సెలవు దినాలు మూడు. జనవరి 26 గణతంత్ర దినోత్సవం, ఆగస్టు 15 స్వాతంత్ర్య దినోత్సవం, అక్టోబరు 2 గాంధీ జయంతి. మిగిలిన పండుగల సెలవులను రాష్ట్ర ప్రభుత్వం సాధారణ పరిపాలన శాఖ ద్వారా ఏటా జారీ చేసే ఉత్తర్వుల్లో సాధారణ సెలవులు, ఐచ్ఛిక సెలవులు అని రెండు తరగతులుగా ప్రకటిస్తుంది. ఐచ్ఛిక సెలవుల నుంచి ఉద్యోగి తన ఇష్టానుసారం ఐదింటికి మించకుండా వాడుకోవచ్చు. ఈ జాబితాలు రాష్ట్రమంతటికీ ఒక్కటే అయినా, ఏ ఊరి పండుగ ఆ ఊరి చరిత్రను బట్టి నడుస్తుంది. జోగులాంబ గద్వాల జిల్లాలోని అలంపూర్ ఇందుకు మంచి నిదర్శనం.

కృష్ణా, తుంగభద్ర నదుల నడుమ ఉన్న ఈ ప్రాంతాన్ని ప్రజలు నడిగడ్డ అని పిలుస్తారు. అలంపూర్‌కు సుమారు 25 కిలోమీటర్ల దూరంలో, నదికి ఆవలి వైపున కర్నూలు ఉంది. 1947 ఆగస్టు 15న కర్నూలులో త్రివర్ణ పతాకం ఎగిరింది. ఈవలి ఒడ్డున అలంపూర్ నాడు నిజాం పాలనలోని హైదరాబాద్ రాజ్యంలో, రాయచూరు జిల్లాలో ఉండేది. ఇక్కడ భారత పతాకాన్ని ఎగురవేయడం నేరం. స్వామి రామానంద తీర్థ నాయకత్వాన స్టేట్ కాంగ్రెస్ సాగించిన ఉద్యమంలో జెండా పట్టినవారు జైళ్లకు వెళ్లారు. 1948 సెప్టెంబరు 17న హైదరాబాద్ రాజ్యం భారత యూనియన్‌లో కలిసే వరకు, అనగా పదమూడు మాసాల పాటు, ఒకే నది రెండు ఒడ్డుల మీద రెండు వేర్వేరు పాలనలు కొనసాగాయి. నడిగడ్డలో సెప్టెంబరు 17కు ఉన్న ప్రాధాన్యాన్ని ఈ నేపథ్యంలోనే గ్రహించాలి. ఆ దినానికి పెట్టే పేరు మాత్రం మారుతూ వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి హైదరాబాద్ విమోచన దినంగా నిర్వహిస్తుండగా, రాష్ట్ర ప్రభుత్వం 2022లో జాతీయ సమైక్యతా దినంగా, 2024లో ప్రజా పాలన దినోత్సవంగా జరిపింది. వార్త రాసేవారు ఏ సంవత్సరపు, ఎవరి కార్యక్రమమో చూసుకొని పేరు వాడడం ఉచితం.

1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. అలంపూర్ నాటికి ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉంది. 1956 నవంబరు 1న రెండు ఒడ్డులూ ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. అప్పుడే గద్వాల, అలంపూర్ తాలూకాలు రాయచూరు నుంచి మహబూబ్‌నగర్ జిల్లాకు మారాయి. 2014 జూన్ 2న నది మరల రాష్ట్రాల సరిహద్దు అయింది. 2016 అక్టోబరు 11న, అదీ విజయదశమి నాడే, జోగులాంబ గద్వాల జిల్లా ఏర్పడింది. ఒక అమ్మవారి పేరు జిల్లా పేరులో చేరడం ఈ ప్రాంతవాసులకు ఎంతో ప్రీతికరమైన విషయం.

పతాక వందనం విషయంలో వార్తల్లో తరచు దొర్లే ఒక పొరపాటును ఇక్కడ ప్రస్తావించాలి. స్వాతంత్ర్య దినోత్సవం నాడు పతాకాన్ని స్తంభం కింది నుంచి పైకి లాగి ఎగురవేస్తారు. గణతంత్ర దినోత్సవం నాడు పైననే మడిచి కట్టిన పతాకాన్ని విప్పి ఆవిష్కరిస్తారు. రెంటికీ ఒకే మాట వాడితే సంప్రదాయంలోని తేడా కనిపించకుండా పోతుంది.

ఇక అలంపూర్ సొంత పండుగల్లో ప్రధానమైనది మాఘ శుద్ధ పంచమి, అనగా వసంత పంచమి. అష్టాదశ శక్తిపీఠాల్లో ఐదవదిగా పేర్కొనే జోగులాంబ ఆలయం 14వ శతాబ్దంలో బహమనీ సైన్యాల దాడిలో ధ్వంసమైందని ఇక్కడి చరిత్ర చెబుతుంది. విగ్రహాన్ని బాలబ్రహ్మేశ్వర ఆలయంలో భద్రపరచి, శతాబ్దాల పాటు అక్కడే పూజించారు. పాత ఆలయ స్థలంలో నూతన ఆలయాన్ని నిర్మించి 2005 ఫిబ్రవరి 13న, వసంత పంచమి నాడు, అమ్మవారిని పునఃప్రతిష్ఠించారు. నాటి నుంచి బ్రహ్మోత్సవాలు ఈ తిథితో ముగిసేలా జరుగుతున్నాయి. ఆ రోజు భక్తులు కలశాలతో తరలిరాగా సహస్ర ఘటాభిషేకం నిర్వహిస్తారు. మిగతా దినాల్లో అలంకరణల మాటున ఉండే అమ్మవారి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్క దినమే లభిస్తుంది. శిరోజాల్లో కపాలం, బల్లి, తేలు, గబ్బిలం గల ఆ ఉగ్రరూపాన్ని చూసేందుకు రెండు రాష్ట్రాల నుంచే గాక కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. ఇంతటి పండుగ రాష్ట్ర సెలవుల జాబితాలో శ్రీ పంచమి పేరిట ఐచ్ఛిక సెలవు మాత్రమే.

దసరా శరన్నవరాత్రుల్లో అమ్మవారిని శైలపుత్రి మొదలు సిద్ధిదాత్రి వరకు నవదుర్గా రూపాల్లో అలంకరిస్తారు. విజయదశమి సాయంత్రం తుంగభద్రలో తెప్పోత్సవం జరుగుతుంది. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన బతుకమ్మ కూడా ఈ దినాల్లోనే వస్తుంది. 2009లో దసరా సెప్టెంబరు 28న జరిగింది. నాలుగు రోజులకే, గాంధీ జయంతి నాడు, తుంగభద్రకు మునుపెన్నడూ ఎరుగని వరద వచ్చింది. కర్నూలు నగరం మునిగింది. అలంపూర్‌లోకి నీరు ప్రవేశించింది. రాజోలిలో చేనేత కుటుంబాల ఇండ్లు, నేలలో గుంట తవ్వి అమర్చుకొన్న మగ్గాలు దెబ్బతిన్నాయి. అక్టోబరు 17న దీపావళి. పండుగ చీరల గిరాకీ ఉండే దసరా, దీపావళి నడిమి రోజుల్లోనే వారి జీవనాధారం పోయింది. నేత, పండుగ ఇక్కడ విడదీయరానివి. తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు గద్వాల సంస్థానం తరఫున ఏటా సమర్పించే ఏరువాడ జోడు పంచెలు నేసేది ఈ జిల్లా నేతన్నలే.

మహాశివరాత్రికి బాలబ్రహ్మేశ్వర స్వామి ఉత్సవాలు జరుగుతాయి. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో నిర్మించిన నవబ్రహ్మ ఆలయాల్లో పూజాదికాలకు ప్రధానమైనది ఇదే. ఆ దినం భక్తులు కూడవెల్లి సంగమేశ్వర ఆలయాన్ని కూడ దర్శిస్తారు. కృష్ణా, తుంగభద్ర సంగమ స్థలంలో ఉండిన ఈ ఆలయం శ్రీశైలం జలాశయం ముంపులో పడనున్నందున, రాళ్లకు సంఖ్యలు వేసి విప్పి అలంపూర్‌కు తెచ్చి తిరిగి నిలబెట్టారు. ఊళ్లు మునిగినవారు మరొకచోట ఇండ్లు కట్టుకొన్నారు గాని, శివరాత్రికి ఇప్పుడు ఈ కొత్త చోటికే రావాలి. నీరు తగ్గినపుడు జలాశయంలో బయటపడే ఆంధ్రప్రదేశ్‌లోని సంగమేశ్వరం వేరు, ఇది వేరు. పేర్లు ఒకటే కావడంతో ఛాయాచిత్రాలు సైతం తారుమారవుతున్నాయి.

ఆలయాల సమీపంలోనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఏటా జరిగే ఉర్సుకు మతభేదం లేకుండా ప్రజలు హాజరవుతారు. నడిగడ్డ గ్రామాల్లో పీర్ల పండుగ సైతం అదే తీరున జరుగుతుంది. హిజ్రీ సంవత్సరం సుమారు 354 దినాలే కావడంతో ఈ పండుగలు ఏటా పదకొండు దినాలు ముందుకు జరుగుతాయి. ఒక్కొక్క ఏడు దసరాతో గాని, ఉగాదితో గాని కలిసి వస్తాయి. నెలవంక కనిపించడాన్ని బట్టి రంజాన్ సెలవు మారుతుంది కనుక, తేదీని ముందుగా ప్రచురించేవారు ఆ సంగతి కూడ పేర్కొనడం మంచిది.

పన్నెండేళ్లకు ఒకమారు వచ్చే పుష్కరాలు వీటన్నిటికన్నా పెద్ద పరీక్ష. 2008 డిసెంబరులో తుంగభద్ర పుష్కరాలు, 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. 2020 నవంబరు 20 నుంచి డిసెంబరు 1 వరకు తుంగభద్ర పుష్కరాలు కరోనా నిబంధనల నడుమ నడిచాయి. అలంపూర్, రాజోలి, పుల్లూరు, వేణిసోంపురం ఘాట్లు స్నానాలకు కేంద్రాలయ్యాయి. 2028లో కృష్ణా పుష్కరాలు రానున్నాయి. నవబ్రహ్మ ఆలయాలు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నందున, వాటికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. యాత్రికుల వసతులకు స్థలం ఎంపిక చేసే అధికారులు ఈ హద్దులను ముందే గుర్తించుకోవలసి ఉంటుంది.