దూలగొండి గింజా, వణుకుడు జబ్బూ

మా నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టరుగా ముప్పయ్యేళ్లకు పైగా పనిచేశారు. నల్లబల్ల మీద ఆయన రాసిన అక్షరం ఆఖరి వరసలో కూర్చున్న పిల్లవాడికి కూడా స్పష్టంగా కనిపించేది. పెన్షను పుచ్చుకున్న కొన్నాళ్లకు, పాల లెక్కలు రాసే పుస్తకంలో ఆయన అక్షరాలు పంక్తి మొదట మామూలుగా ఉండి, చివరకు వచ్చేసరికి చీమలబారులాగా తయారవుతున్నాయని మా అమ్మ కనిపెట్టింది. చెయ్యి వణకటం ఆ తరువాత వచ్చింది. డాక్టర్లు పార్కిన్సన్ జబ్బన్నారు, లీవోడోపా మాత్రలు రాశారు. మూడేళ్లు బాగానే జరిగింది.

ఆ తరువాత ఒక బంధువు ప్రోద్బలంతో ఆయన ఒక ప్రకృతి చికిత్సాలయంలో చేరారు. అక్కడ పొట్టమీద మట్టిపట్టీ వేశారు, తొట్టిస్నానం చేయించారు, ఉప్పు మాన్పించారు, దూలగొండి గింజల పొడి తేనెలో కలిపి ఇచ్చారు. మాత్రలు మాత్రం రసాయన విషాలు గనక వెంటనే మానెయ్యమన్నారు. వారం తిరక్కుండా ఆయన మంచంలో పక్కకు ఒత్తిగిలలేని స్థితికి వచ్చారు. ఇంటికి తీసుకొచ్చి డాక్టరు సలహాతో మళ్లీ మాత్రలు మొదలుపెట్టించాం. మెల్లగా కోలుకున్నారు. ఆ చికిత్సాలయం పేరు ఇక్కడ అనవసరం, అలాంటివి ఊరికొకటి ఉన్నాయి. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి వేరు. వారు విషమన్న మాత్రలో ఉన్నదీ, అమృతమన్న పొడిలో ఉన్నదీ ఒకే పదార్థం. మాత్రలో అది ఎంత ఉందో రాసి ఉంటుంది, పొడిలో ఎంత ఉందో ఇచ్చినవారికే తెలియదు.

ఈ సంగతి మా కాలేజీ స్టాఫ్ రూములో చెబితే రెండు రకాల జవాబులు వచ్చాయి. ఇదంతా మన మహర్షులకు ఏనాడో తెలుసునని కొందరన్నారు. అది వినీ వినీ అలవాటైన మాట. చెట్టుమందులన్నీ మూఢవిశ్వాసాలేనని ఇంకొందరన్నారు, వారు మనవాళ్లే. నాకు బాధ కలిగించింది ఈ రెండో జవాబు. శాస్త్రీయ దృక్పథం ఉన్నవాడు ఒక గింజను మొక్కకూడదు, సరే. విప్పి చూడకుండా పారెయ్యవచ్చునని ఎవరన్నారు? నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, వైద్యుణ్ణి కాను. కాని ఇందులో వైద్యం కంటే చరిత్రే ఎక్కువగా ఉంది.

జబ్బుకు తన పేరిచ్చిన జేమ్స్ పార్కిన్సన్‌ను మన పాఠకులు తెలుసుకోదగ్గ మనిషి అనుకుంటాను. ఆయన లండన్ శివారు హాక్స్‌టన్‌లో ఉండి వైద్యం చేసుకునేవాడు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, సామాన్యులకు ఓటుహక్కు కోరిన లండన్ కరస్పాండింగ్ సొసైటీలో సభ్యుడు. ‘ముసలి హ్యూబర్ట్’ అనే మారుపేరుతో ప్రభుత్వాన్ని ఎండగట్టే కరపత్రాలు రాశాడు. 1794లో రాజుగారి హత్యకు కుట్ర జరిగిందన్న కేసులో ప్రీవీ కౌన్సిల్ ముందు నిలబడి జవాబులు చెప్పుకోవలసి వచ్చింది. 1817లో ఆయన ప్రచురించిన చిన్న పుస్తకంలో రోగులు ఆరుగురే. వారిలో కొందరు వీధిలో కనబడ్డవారే. ముందుకు వంగిన నడుమూ, పరుగులోకి జారిపోయే నడకా, ఊరకే ఉన్న చేతిలో వణుకూ ఆయన వర్ణించినట్టే నేటికీ వైద్యవిద్యార్థులు చదువుకుంటున్నారు. ఆయన సూచించిన చికిత్సను మాత్రం ఎవరూ చదవరు. మెడ దగ్గర రక్తం తీయటమూ, బొబ్బలెక్కించే మందులు వెయ్యటమూ అది.

ప్రకృతి వైద్యం పుట్టింది సరిగ్గా ఇలాంటి వైద్యం మీద తిరుగుబాటుగానే. రక్తం తీసే కత్తికీ, పాదరసానికీ భయపడ్డ జనానికి ఆస్ట్రియా సైలీషియాలో ప్రీస్‌నిట్జ్ అనే రైతు చన్నీళ్ల చికిత్స చూపాడు. బవేరియాలో నీటివైద్యానికి పేరు తెచ్చిన క్నైప్ ఒక నేతగాడి కొడుకు. లైప్‌జిగ్‌లో లూయీ కూనే వీరందరినీ మించి ఒక సిద్ధాంతమే చేశాడు: రోగాలన్నీ ఒకటే, పొట్టలో పేరుకున్న మలినం పులిసి పైకెక్కటమే రోగం, అది వీపువైపుగా ఎక్కితే నరాల జబ్బులూ, మతిచాంచల్యమూ వస్తాయి. మందు అక్కర్లేదు, తొట్టిస్నానమూ పథ్యమూ చాలు. ఈ పుస్తకాన్ని వెంకటాచలపతి శర్మగారు 1894లోనే తెలుగు చేశారు. గాంధీగారు కూనే స్నానాలను తానూ చేశారు, బిడ్డలకూ చేయించారు. వలసపాలనలో డాక్టరంటే పట్నంలో ఉండే దొర, ఆసుపత్రి అంటే ఖర్చు. నీళ్లూ మట్టీ పేదవాడి పెరట్లోనే ఉన్నాయి. ఇది ప్రజలకు నచ్చిందంటే తప్పు ప్రజలది కాదు. అయితే కారణం ఒక్కటే, చికిత్స ఒక్కటే అన్న తరువాత ఇక పరిశీలించడానికేం మిగులుతుంది? కూనే మందులనే వద్దన్నాడు. ఆయన లెక్కన దూలగొండి పొడి కూడా నిషిద్ధమే. నేటి చికిత్సాలయాలు ఆయన తొట్టిని ఉంచుకుని, ఆయుర్వేదం అలమరలోంచి సీసా తెచ్చి పక్కన పెట్టుకున్నాయి.

ఇక్కడ ఒక మాట న్యాయంగా చెప్పాలి. అక్కడ మొదటి రెండు రోజులూ నాన్నగారు హాయిగా ఉందన్నారు, అది అబద్ధం కాదు. బండి ప్రయాణం చేసి వచ్చిన రోగులు కాస్త తేలికపడుతున్నారని గమనించి, పారిస్‌లో షార్కో అనే మహావైద్యుడు 19వ శతాబ్దం చివర ఊగే కుర్చీ ఒకటి చేయించాడు. 2012లో ప్రచురితమైన ఒక పరీక్షలో అలాంటి కుర్చీలో కొందరినీ, కదలిక లేని నకిలీ కుర్చీలో కొందరినీ కూర్చోబెడితే రెండు జట్లూ బాగుపడ్డాయి. నయమవుతుందన్న ఆశతోనే ఈ రోగుల మెదడులో డోపమీన్ అనే పదార్థం కొంత విడుదలవుతుందని 2001లో కెనడా శాస్త్రజ్ఞులు చూపారు. అంటే ఆశ కూడా ఒక పదార్థం మీదుగానే పనిచేస్తున్నది. భౌతికవాదులు దీనికి నొచ్చుకోనక్కరలేదు.

ఇక దూలగొండి. దూల అంటేనే దురద. కంచెల మీద పాకే ఈ తీగ కాయల నూగు ఒంటికి తగిలితే ఏమవుతుందో పల్లెలో పెరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. సంస్కృతంలో కపికచ్ఛువు, ఆత్మగుప్త అన్నారు. ఆయుర్వేద గ్రంథాలు దాని గింజను ప్రధానంగా బలానికీ, వాజీకరణానికీ చెప్పాయి. వాతరోగాల కషాయాలలో పదింటితో పాటు ఒకటిగా చేర్చాయి. వణుకును వేపథువని వేరుగా గుర్తించాయి కూడా. ఈ అనుభవం చిన్నది కాదు. కాని పదింటిలో ఏది పనిచేస్తున్నదో, ఎంత మోతాదులో పనిచేస్తున్నదో విడదీసే సాధనం ఆ కాలానికి లేదు.

విడదీయటం ఎక్కడెక్కడో, ఒకరికొకరు తెలియనివాళ్ల చేతుల్లో జరిగింది. 1913లో స్విట్జర్లాండులో గుగన్‌హైమ్ ఒక రకం చిక్కుడు గింజల నుంచి డోపా అనే పదార్థాన్ని తీశాడు. అదేం చేస్తుందో చూద్దామని రెండున్నర గ్రాములు తానే మింగి వాంతులతో బాధపడ్డాడు. 1937లో మద్రాసు యూనివర్సిటీ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు దూలగొండి గింజల్లోంచి అదే పదార్థాన్ని వేరుచేసి ప్రచురించారు. వారు వణుకుడు జబ్బుకు మందు వెతకలేదు. అది మందవుతుందని అప్పటికి ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

తెలియడానికి రెండో మొక్క కావలసివచ్చింది. అదీ మనదే: సర్పగంధి, మనవైపు పాతాళగంధి అంటారు. ఉన్మాదానికీ రక్తపుపోటుకూ దాని వేరు పనిచేస్తున్నదని 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ బోస్ రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం వకీల్ రక్తపుపోటు రోగుల లెక్కలు ఇంగ్లండు పత్రికలో ప్రకటించాడు. 1952లో స్విస్ కంపెనీ ఒకటి ఆ వేరులోంచి రిసర్పీన్‌ను వేరుచేసి అమ్మకానికి పెట్టింది. మోతాదు ఎక్కువైన రోగుల్లో కొందరు బిగుసుకుపోయి వణకసాగారు. మందు తెచ్చిపెట్టిన ఈ వణుకే అసలు వణుకు గుట్టు విప్పింది. 1957లో స్వీడన్‌లో కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పీన్ ఎక్కించాడు. అవి చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. తరువాత డోపా ఎక్కిస్తే కొద్దిసేపట్లో లేచి తిరిగాయి. ఒక మొక్క పడగొట్టిన జంతువును మరో మొక్కలో ఉండే పదార్థం లేపిందన్నమాట. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, చనిపోయిన రోగుల మెదళ్లలో డోపమీన్ అడుగంటి ఉండటం చూశాడు. 1961లో బిర్క్‌మయర్‌తో కలిసి రోగులకు డోపా సూదిమందుగా ఇప్పిస్తే మంచం పట్టినవారు లేచి నడిచారు. ఆ గుణం కొన్ని గంటలే నిలిచింది. 1967లో అమెరికాలో కొట్జియాస్ మోతాదును ఓపికగా, కొంచెం కొంచెంగా పెంచుతూ నోటిద్వారా ఇచ్చి అది నిలిచే మార్గం కనిపెట్టాడు. గుగన్‌హైమ్‌ను పట్టిన వాంతుల్ని తగ్గించడానికి కార్బిడోపా జోడించటం ఆ తరువాతి మాట. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. మద్రాసువారి పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో నాకు తగలలేదు. మహర్షుల పేర్లు తగిలాయి.

మరి పొడి సంగతి? బొంబాయి వైద్యులు 1978లోనే దాన్ని రోగులకిచ్చి ఫలితాలు ప్రకటించారు. 2004లో లండన్‌లో ఎనిమిదిమంది మీద, పొడి ఏదో మాత్ర ఏదో తెలియకుండా పరీక్షిస్తే, పెద్ద మోతాదు పొడి మాత్రకంటే త్వరగా పనిచేసి ఎక్కువసేపు నిలిచింది. కాబట్టి నవ్వవలసిన విషయం కాదు. 2017లో ప్రచురితమైన మరో పరీక్ష మన వాళ్లు శ్రద్ధగా చూడవలసినది. మాత్రలు కొనలేని రోగులున్న బొలీవియాలో ఇటలీ వైద్యులు గింజల్ని వేయించి, పొడిచేసి, అందులో డోపా ఎంతుందో కొలిచి 18 మందికి ఇచ్చారు. ఒక్కో మోతాదుగా చూస్తే అది మాత్రకు తీసిపోలేదు. వారాల తరబడి రోజూ వాడించిన తరువాతి పరీక్షలో 14 మందికి ఏడుగురు, కడుపులో బాధ వల్లనో, కదలిక దిగజారటం వల్లనో మధ్యలో మానేశారు. మంచీ చెడ్డా రెండూ అచ్చువేశారు. మా చికిత్సాలయంలో మానేసినవారి లెక్క ఎవరు రాస్తున్నారు?

లీవోడోపా, కార్బిడోపా జోడీ ప్రపంచ ఆరోగ్యసంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. దాని పేటెంట్లు ఎప్పుడో తీరిపోయాయి. అయినా రోజుకు మూడు నాలుగు మాత్రలు, బతికినంతకాలం కొనడం ఒక కూలీ కుటుంబానికి ఎంత బరువో వేరే లెక్క కట్టనక్కరలేదు. వారిలో కొందరు పొడి దగ్గరకు వెళుతున్నది మహర్షుల మీద భక్తితో కాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మాత్రలు ఉచితంగా ఇవ్వాలని అడిగేవారూ, కొలిచిన పొడిని నిజాయితీగా పరీక్షించాలని అడిగేవారూ ఒకే ఊరేగింపులో నడవకూడదా?

ఈ కాగితాలన్నీ బల్లమీద పరిచి రాసుకుంటుంటే నాన్నగారు వచ్చి కూర్చున్నారు. కుందేళ్ల కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. "మా చిన్నప్పుడు కంచెలు కొట్టే ఆడకూలీలు దూలగొండి తగిలితే చేతులకు పేడ రాసుకునేవాళ్లురా, అదీ రాయి" అన్నారు. తరువాత టైం చూసుకుని మధ్యాహ్నం మాత్ర వేసుకున్నారు.