గిరాకీ పికప్ అయింది: లాడ్ బజార్‌లో ఒక ఇంగ్లీషు క్రియ

చార్మినార్ నుంచి పడమరకు సాగే లాడ్ బజార్‌లో రంజాన్ రోజుల్లోనో, పెళ్లిళ్ల సీజన్‌లోనో గాజుల దుకాణంలో వ్యాపారం సంగతి అడిగితే "గిరాకీ పికప్ అయింది" అనే జవాబు వింత కాదు. మందకొడిగా ఉంటే "ఇంకా పికప్ కాలే" అంటారు. క్రియకు అప్, డౌన్, ఆఫ్ లాంటి చిన్న మాట తోడై కొత్త అర్థమిచ్చే ఇలాంటి వాటిని ఇంగ్లీషులో ఫ్రేజల్ వెర్బ్ అంటారు. 1925లో 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్'లో ఆ పేరు వాడిన రచయిత లోగన్ పియర్సాల్ స్మిత్, అది తనకు నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ సూచించినదని చెప్పాడు.

ఇంగ్లీషులో పికప్‌కు అర్థాలు చాలా: వస్తువును చేతికి తీసుకోవడం, మనిషిని బండెక్కించుకోవడం, తగ్గినది పుంజుకోవడం, వినికిడితో భాష నేర్వడం, ఫోన్ ఎత్తడం. మన మాటల్లో గట్టిగా నిలిచినవి "మదీనా చౌరస్తా కాడ పికప్ చేస్కో", "గిరాకీ పికప్ అయింది" అనే రెండు. "బండికి పికప్ లేదు" అన్నది వేరే దారి. అక్కడ వచ్చింది నామవాచకం.

అన్నిటికంటే మామూలుదైన, వస్తువును చేతికి తీసుకోవడమనే అర్థం తెలుగులోకి రాకపోవడమే ఆలోచించాల్సిన విషయం. లక్క గాజు చేసేవాళ్లు బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి చల్లారకముందే అద్దపు రాళ్లను ఒక్కొక్కటే తీసి అద్దుతారు. రాయి రాయికీ ఇంగ్లీషులో పికప్ అనొచ్చు. తెలుగులో "రాయి తీసి పెట్టు" అంటాం, అంతే. తీసుకో, తినేయ్, పడిపోయింది: క్రియకు క్రియను జోడించే ఈ పద్ధతి మనకు ముందునుంచే ఉంది. భాషాశాస్త్రవేత్త కాలిన్ మాసికా 1976లో దీన్ని దక్షిణాసియా భాషల ఉమ్మడి లక్షణాల్లో ఒకటిగా పరిశీలించాడు.

అరువు వచ్చిన మాట మాత్రం కదలిక పోగొట్టుకుంది. ఇంగ్లీషులో 'నన్ను' అనే సర్వనామం పిక్‌కూ అప్‌కూ నడుమ దూరాలి. "నన్ను పికప్ చేసుకో"లో ఆ రెండూ విడిపోవు. కాలం, వ్యతిరేకార్థం, తనకోసం అనే అర్థాన్ని చెప్పే 'కొను' అన్నీ చేయు, అవు మోస్తాయి. పక్క దుకాణంలో వినిపించే దక్కనీ ఉర్దూలోనూ కర్నా, హోనా ఇదే పని చేస్తాయి. రెండు భాషల అచ్చు ఒకటే కావడం ఇలాంటి మాటలు నిలవడానికి తోడ్పడి ఉండవచ్చు. అయితే ఒక బజారు మాటతో సూత్రం కట్టలేం.

ఖాళీ ఉన్నచోటే అరువు చేరుతుందన్న వివరణ కూడా ఇక్కడ పూర్తిగా నిలవదు. పత్రికల్లో వ్యాపారం "పుంజుకుంటూనే" ఉంది. ఫోన్ సంగతి మరీ విడ్డూరం: ఎత్తు అనే సొంత మాట ఉంది, ఇంగ్లీషువాళ్ల పికప్ ఉంది, మనం రెంటినీ పక్కనపెట్టి "లిఫ్ట్ చెయ్" అంటున్నాం.