రాగిరేకు, టేపుచుట్ట: 1980ల బాల్యమున విన్న ఆల్బములు

ఆల్బము అను మాట మొదట పాటలకు సంబంధించినది కాదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డు ఒక్కొక్క వైపున మూడు, నాలుగు నిమిషముల సంగీతమును మాత్రమే పట్టెడిది. దీర్ఘమైన రచనను వినవలెనన్న అట్టి రికార్డులు అనేకము కావలసివచ్చెడివి. ఛాయాచిత్రములవలె వానిని అట్టసంచులు గల పుస్తకమున భద్రపరచెడివారు గనుక ఆ కట్టకు ఆల్బమను పేరు వచ్చెను. 1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు ఎల్.పి. రికార్డును వెలువరింపగా ఆ పుస్తకమంతయు ఒక్క పళ్లెరములో ఇమిడెను. పేరు మాత్రము నిలిచెను.

సామాన్యోద్యోగి ఇంటికి ఆ పళ్లెరమైనను దూరపు వస్తువే. దానిని దగ్గర చేసినది క్యాసెట్టు. ఫిలిప్స్ సంస్థ 1963లో బెర్లిను నగరమున ప్రదర్శించిన ఈ చిన్నపెట్టెలో 3.81 మిల్లీమీటర్ల వెడల్పు గల టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున కదలును. అరువది నిమిషముల క్యాసెట్టులో సుమారు 86 మీటర్ల టేపుండును. గల్ఫు దేశములకు పనికి పోయినవారు తిరిగివచ్చునప్పుడు రేడియోయు, టేపు రికార్డరును కలిసిన టూ-ఇన్-వన్ యంత్రములను తెచ్చిరి. అంతవరకు రికార్డుల వ్యాపారమున డమ్‌డమ్ కర్మాగారము గల గ్రామఫోను కంపెనీదే పెద్ద పెత్తనము. క్యాసెట్టు వచ్చిన పిమ్మట చిన్న సంస్థలెన్నో తలయెత్తెను. 1983లో గుల్షన్ కుమార్ స్థాపించిన టి-సిరీస్ వానిలో మిక్కిలి పెరిగినది.

ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వోద్యోగుల క్వార్టర్లలో పెరిగిన మావంటి పిల్లలకు తెలుగు నాలుగు గోడల నడుమ వినబడు భాష. బడిలో హిందీ, ఇంగ్లీషు. వీథిలో పంజాబీ యాస కలిసిన హిందీ. వేసవి సెలవులకు ఊరికి పోయి వచ్చునప్పుడు నాన్నగారు విజయవాడలో కొన్న క్యాసెట్లు ఆవకాయ జాడీతోపాటు రైలెక్కి వచ్చెడివి. ఏడాదికి మూడో నాలుగో. వానినే మరల మరల వినుటచే ఏ పాట పిమ్మట ఏ పాట వచ్చునో మాకు కంఠస్థమయ్యెను. నేటికిని ఒక పాట ముగియగానే తరువాతి పాట ఎత్తుగడ నా చెవిలో మెదలును.

ఆ క్యాసెట్లలో ఘంటసాల భగవద్గీత మొదటిది. 1974 ఫిబ్రవరి 11న ఆ మహాగాయకుడు దివంగతుడగుటకు కొలదికాలము ముందు పాడినది. శ్లోకము పిమ్మట తెలుగు తాత్పర్యము వచ్చును. ఆ గొంతు వినవచ్చిన ఇంట మరణము సంభవించినదని తలచుట తరువాత వాడుకయైనది గాని, మాకు అది ఆదివారపు ఉదయపు తెలుగు వాచకము.

రెండవది 1980లో విడుదలైన శంకరాభరణము. కె.వి. మహదేవన్ సంగీతము కూర్చిన ఆ చిత్రమున వేటూరి రచనల సరసనే భద్రాచల రామదాసు, సదాశివ బ్రహ్మేంద్రులు, మైసూరు వాసుదేవాచార్యులు దర్శనమిత్తురు. సంగీత దర్శకునకును, గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యమునకును, వాణీ జయరామునకును జాతీయ పురస్కారములు లభించెను. మూడవది ఎం.ఎస్. సుబ్బులక్ష్మి పాడిన బాలాజీ పంచరత్నమాల. ఐదు భాగములుగా వెలువడిన ఆ సంపుటములవలన అన్నమాచార్యుల కీర్తనలు తెలుగునాట మాత్రమే కాక దేశమంతట ఇంటింట మ్రోగెను.

ఒక విషయము గమనింపదగినది. సుబ్బులక్ష్మి మధురలో, వాణీ జయరాము వేలూరులో జన్మించిరి. మహదేవన్ నాగర్‌కోయిలు ప్రాంతమువారు. ఢిల్లీలోని తెలుగు పిల్లలకు తెలుగు పలుకుబడి నేర్పినవారిలో ఇందరు తమిళదేశమువారు. నాల్గవ క్యాసెట్టు ఇంకను దూరమునుండి వచ్చెను. 1981లో వెలువడిన డిస్కో దీవానే పాడిన నాజియా హసన్ కరాచీలో పుట్టి లండనులో పెరిగిన బాలిక. సంగీతకర్త బిడ్డు బెంగుళూరువాడు. ఉభయదేశముల నడుమ సరిహద్దు ఎంత బిగిసియున్నను ఆ పాట రెండు వైపుల పిల్లలను ఒక్క రీతిగ ఆడించెను.

మా ఇంట ఐదవ క్యాసెట్టొకటి ఉండెడిది. అది ఏ సంస్థయు వెలువరించినది కాదు. 1984 వేసవిలో అమ్మమ్మ ఢిల్లీకి వచ్చినప్పుడు ఆమె పాడిన ‘ఊర్మిళాదేవి నిద్ర’ను, రెండు మంగళహారతులను నాన్నగారు ఖాళీ క్యాసెట్టుపై రికార్డు చేసిరి. దానిపై పేరు వ్రాయుట మరచిరి. క్యాసెట్టు వెనుక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్లలుండును. వానిని విరిచినచో ఆ టేపుపై మరల రికార్డు చేయుటకు వీలుండదు. కంపెనీల ఆల్బములు బిళ్లలు లేకుండనే వచ్చెడివి. ఇంట చేసినవానికి మనమే విరువవలెను. మా ఇంట ఎవరును విరువలేదు.

1988లో ‘కయామత్ సే కయామత్ తక్’ చిత్రగీతములు పొరుగింటి క్యాసెట్టునుండి దించుకొనుటకు నేను పేరులేని ఆ క్యాసెట్టును తీసికొనిపోతిని. రెండు వైపులను నింపితిని. మరుసటి ఏడు అమ్మమ్మ కాలము చేసెను. సంవత్సరీకము నాడు అమ్మ దానిని వెదకి తీసి మీట నొక్కగా హిందీ పాట వినవచ్చెను. అమ్మ నన్నేమియు అనలేదు. మీట నొక్కి ఆపి వంటయింటిలోనికి పోయెను.

ఈ నష్టమును తలచినప్పుడెల్ల నాకు అన్నమయ్య రాగిరేకులు జ్ఞప్తికి వచ్చును. తాళ్లపాకవారు రేకులపై చెక్కించిన వేలకొలది సంకీర్తనలు శతాబ్దములు తిరుమల ఆలయపు సంకీర్తన భాండారమున మరుగునపడియుండి, 1922లో వెలికివచ్చెను. రేకులపై సాహిత్యము కలదు, రాగము పేరు కలదు, స్వరము లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి మున్నగు విద్వాంసులు వానికి క్రొత్తగా వరుసలు కూర్చిరి. అన్నమయ్య ఏ వరుసలో పాడెనో చెప్పగలవారు లేరు. రాగిరేకు మాటను కాచెను గాని గొంతును పట్టలేకపోయెను. టేపు గొంతును పట్టెను. ఎల్లకాలము కాచు శక్తి దానికి లేదు.

శంకరాభరణమునకు, పంచరత్నమాలకు నేడు భయము లేదు. అవి కంప్యూటరులోనికి, చేతిఫోనులోనికి చేరినవి. భయమంతయు ఇంట రికార్డు చేసిన క్యాసెట్లకే. తేమకు టేపుపై బూజు పట్టును. టేపును అదిమిపట్టు చిన్న మెత్త జిగురు వదలి ఊడిపోవును. ఆడించు యంత్రములును, వానిని బాగుచేయువారును అరుదైరి. సభ్యులలో 1980లనాటి క్యాసెట్లు గలవారు అటకలపైనుండి దింపవలెనని నా విన్నపము. పేరులేని క్యాసెట్టునే ముందు చూడుడు. మొదట వెనుక బిళ్లలు విరువుడు. మంచి యంత్రమున ఒకసారి ఆడించి కంప్యూటరులోనికి ఎక్కించుడు. పాడినవారి పేరు, ఊరు, సంవత్సరము వ్రాసియుంచుడు. మన సంఘమే ఇట్టివానినెల్ల ఒకచోట చేర్చినచో పరభాషాప్రాంతమున మన పెద్దలు ఏమి పాడుకొనిరో తరువాతివారికి తెలియును.

అమ్మ ‘ఊర్మిళాదేవి నిద్ర’ను జ్ఞాపకమున్నంతవరకు ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచినది. మాటలు కలవు. వరుస అడిగినచో ఒకనాడు ఒక విధముగను, మరియొకనాడు మరియొక విధముగను పాడి, అమ్మమ్మ ఇట్లు పాడెడిది కాదనును.